అప్‌డేట్: పాత ఎలక్ట్రిక్ సైకిల్‌కు కొత్త మోటార్ బిగించాను

నా పాత ఎలక్ట్రిక్ సైకిల్‌కు కొత్త హబ్ మోటార్ (చక్రం మధ్యలో ఉండే మోటార్) వేస్తే, ఉన్న 36 వోల్టుల బ్యాటరీ, కంట్రోలర్ (మోటార్‌కు వెళ్లే కరెంటును అదుపు చేసే పరికరం) సరిపోతాయా అని ఇంతకుముందు అడిగాను. బ్యాటరీ సరిపోయింది, కంట్రోలర్ సరిపోలేదు.

పాతది లోపల గేర్లు లేని మోటార్ కావడంతో, సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు వేగం బాగా పడిపోయి, విద్యుత్తులో పెద్ద భాగం వేడిగా మారిపోయేది. అందువల్ల 36 వోల్టులకే పనిచేసే 250 వాట్ల గేర్ల మోటార్ తీసుకున్నాను. 500 వాట్లది వేయమన్న సలహాను పాటించలేదు. 250 వాట్లు దాటితే మన దేశంలో రిజిస్ట్రేషన్, లైసెన్సు తప్పవు.

ఎక్కువ సమయం వైర్ల దగ్గరే గడిచింది. రంగులు సరిపోల్చి కలిపినా, ఫేజ్ వైర్ల (మోటార్‌కు కరెంటు తీసుకెళ్లేవి), హాల్ సెన్సర్ వైర్ల (మోటార్ ఏ స్థితిలో ఉందో కంట్రోలర్‌కు తెలిపేవి) క్రమం పాత కంట్రోలర్‌కు పొసగక, చక్రం తిరగకుండా వణికింది. చివరికి ఆ మోటార్‌కు తగిన 15 ఆంపియర్ల కంట్రోలర్ కొన్నాను. ఇరుసు తిరిగిపోయి వైర్లు తెగకుండా టార్క్ ఆర్మ్ (ఇరుసును ఫ్రేమ్‌కు పట్టి ఉంచే లోహపు ముక్క) కూడా బిగించాను. దీన్ని ఎవరూ వదిలేయవద్దని గట్టిగా కోరుతున్నాను.

ఇప్పుడు ఘాట్ రోడ్డును ఆగకుండా ఎక్కగలుగుతున్నాను. మోటార్ ఆపినప్పుడు కూడా, చక్రాన్ని మోటార్ నుంచి విడదీసే లోపలి క్లచ్ వల్ల పెడల్ తేలికగా ఉంటోంది. అయితే పాత మోటార్‌తో దిగేటప్పుడు బ్యాటరీకి తిరిగి చేరే కొద్దిపాటి ఛార్జ్ మాత్రం ఇక లేదు.