క్రిప్టో ఎక్స్ఛేంజ్‌కి నోడ్ సరిపోతుందా, జావానే కావాలా?

హెచ్‌ఎస్‌ఆర్_హరి:
బెంగళూరులో ముగ్గురం కలిసి చిన్న క్రిప్టో ఎక్స్ఛేంజ్ పెడుతున్నాం. ఎఫ్‌ఐయూ (నల్లడబ్బు లావాదేవీలపై కన్నేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ కాగితాలు నడుస్తున్నాయి. నేను నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపేది), పేజీలకు రియాక్ట్ అంటున్నాను. పార్ట్‌నరేమో జావా భాష, దాని స్ప్రింగ్ బూట్ కాకపోతే డబ్బు పెట్టనంటున్నాడు. సెక్యూరిటీకి ఏది మేలో చెప్పండి.

పాతజావా:
మీ పార్ట్‌నర్ మాట వినండి. నోడ్‌లో చిన్న ప్రాజెక్టు మొదలుపెట్టినా వందల ప్యాకేజీలు (వేరేవాళ్ళు రాసిన రెడీమేడ్ కోడ్) దిగుతాయి. ఎవరు రాశారో, ఎవరు చూస్తున్నారో తెలియదు. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ ప్యాకేజీ ద్వారా కోపే అనే క్రిప్టో వాలెట్ కీలు (డబ్బు కదిలించే రహస్య సంఖ్యలు) కొట్టేసే కోడ్ దూర్చారు. 2025 సెప్టెంబర్‌లో చాక్, డీబగ్ అనే ప్యాకేజీలకూ అదే గతి. వాటిని చూసుకునే మెయింటైనర్ ఒక ఫిషింగ్ మెయిల్ నమ్మాడు, అంతే.

కోడ్‌కోడి:
2021లో లాగ్‌ఫోర్‌జే మర్చిపోయారా అన్నా? లాగులు రాసుకునే లైబ్రరీయే దొంగకు తలుపు తీసింది. అది జావానే.

లెక్కలమామ:
అసలు సంగతి ఎవరూ అడగట్లేదు. ఒక ఈథర్ (ఒక క్రిప్టో నాణెం) అంటే 1 పక్కన 18 సున్నాలన్ని వెయ్‌లు, అంటే దాని అతి చిన్న ముక్కలు. జావాస్క్రిప్ట్ మామూలు నంబర్ 9,00,71,99,25,47,40,991 దాటితే లెక్క తప్పొచ్చు. అంటే 0.01 ఈథర్‌కే హద్దు దాటిపోతారు.

కోడ్‌కోడి:
పెద్ద అంకెలకు బిగ్‌ఇంట్ ఉంది కదా మామా.

లెక్కలమామ:
దాన్ని నేరుగా జేసన్‌లోకి (ప్రోగ్రాములు డేటా పంపుకునే రూపం) పంపి చూడు, ఎర్రర్ కొడుతుంది. స్ట్రింగ్‌గా, అంటే అక్షరాలుగా మార్చి పంపాలి. ఒక్క ఫ్రెషర్ అది మర్చిపోయి మామూలు నంబర్‌గా మార్చేస్తే చాలు.

పీజీ_పప్పు:
ఏ భాషలో కట్టినా క్రిప్టోకి 30 శాతం పన్ను, 1 శాతం టీడీఎస్ తప్పదు 😀

కోడ్‌కోడి:
హరి గారూ, 2025 ఫిబ్రవరిలో బైబిట్ ఎక్స్ఛేంజ్‌లో దాదాపు 150 కోట్ల డాలర్ల ఈథర్ పోయింది. సంతకాలు పెట్టే వాలెట్ పేజీలో జావాస్క్రిప్ట్ మార్చేశారు. స్క్రీన్ మీద మామూలు బదిలీ కనిపించింది, సంతకం పడింది వేరేదాని మీద. సర్వర్ ఏ భాషలో ఉందని దొంగ అడగలేదు.

పాతజావా:
జావాస్క్రిప్టే కదా మరి! నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది అదే.

కోడ్‌కోడి:
బ్రౌజర్‌లో జావా నడుపుతారా ఏంటి? పదిహేనేళ్ళుగా ఒకే భాష పట్టుకుని వేలాడితే ప్రపంచమంతా ఇలాగే కనిపిస్తుంది.

పాతజావా:
తమ్ముడూ, నోరు అదుపులో పెట్టుకో. మారతహళ్లి వైపు ఒక కంపెనీలో నేను లీడ్‌ని. ఒక ఆదివారం పొద్దున లేచేసరికి హాట్ వాలెట్ (నెట్‌కి కలిపి ఉంచే వాలెట్) ఖాళీ. నా లాప్‌టాప్ తీసుకెళ్ళారు. నాలుగు నెలల జీతం ఎగ్గొట్టారు. ఊళ్ళో మా నాన్న "డబ్బు నువ్వే తీశావా" అని ఫోన్‌లో అడిగాడు. నోడ్ వల్ల అంత పడ్డాను.

కోడ్‌కోడి:
అయ్యో, అది తెలియక అన్నాను, సారీ అన్నా. కానీ కీ ఎక్కడ ఉండేది?

పాతజావా:
సర్వర్‌లో ఎన్వ్ అనే సెట్టింగ్స్ ఫైల్‌లో. అక్కడ పెట్టమన్నది ఫౌండరే. అర్ధరాత్రి విత్‌డ్రాయల్స్ ఆగితే లేచి సంతకం పెట్టడం కుదరదన్నాడు. ఒకసారి ఆ కీని వాట్సాప్ గ్రూప్‌లో కూడా పెట్టాడు. అధికారం ఆయనది, స్టేషన్ మెట్లు నావి.

కోడ్‌కోడి:
మరి నోడ్ చేసిన తప్పేంటి ఇందులో?

పాతజావా:
...
హరి గారూ, మీ దగ్గర కీ ఎవరి చేతిలో ఉంటుంది? ముందు అది చెప్పండి.

హెచ్‌ఎస్‌ఆర్_హరి:
దాపరికం ఎందుకు, చెప్పేస్తాను. జావా అయితే పార్ట్‌నర్ బావమరిది టెక్ లీడ్‌గా వస్తాడు. కీ వాళ్ళింటికి పోతుంది. నోడ్ అయితే నేనే చూసుకుంటాను.

పీజీ_పప్పు:
ఓహో! ఇది కుటుంబ కథా చిత్రం అన్నమాట.

పాతజావా:
ఇంతసేపూ దీనికా మా చేత కొట్టుకునేలా చేశారు! మల్టీసిగ్ పెట్టండి. ముగ్గురికీ మూడు హార్డ్‌వేర్ వాలెట్లు (కీ దాచే చిన్న పరికరాలు), ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు కదలాలి. పరికరం స్క్రీన్ మీద చదవకుండా ఎవరూ నొక్కొద్దు. హాట్ వాలెట్‌లో రోజువారీకి సరిపడా మాత్రమే ఉంచండి. ఏదైనా జరిగితే సెర్ట్-ఇన్‌కి (సైబర్ దాడులు చూసే ప్రభుత్వ సంస్థ) 6 గంటల్లో చెప్పాలి. ఆ ఫోన్ ఎవరు చేస్తారో ఇప్పుడే కాగితం మీద రాసి ఫౌండర్ల చేత సంతకాలు పెట్టించండి. ఉద్యోగి పేరు మాత్రం రాయకండి.

హెచ్‌ఎస్‌ఆర్_హరి:
మూడో పార్ట్‌నర్ ఆ బావమరిదే అండీ.

లెక్కలమామ:
డేటాబేస్‌లో బ్యాలెన్స్ కాలమ్ ఏం పెట్టారు? ఫ్లోట్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకం) కాదు కదా?