ఉగాది నుంచి దసరా వరకు ఇక్కడే ఉండే మా అమ్మకు అమెరికా పౌరసత్వం వస్తుందా?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు)

మా అమ్మ వయస్సు 67 సంవత్సరాలు. డల్లాస్‌లో స్థిరపడిన అన్నయ్య ద్వారా ఆమెకు 2019లో గ్రీన్‌కార్డు వచ్చింది. కోవిడ్ సద్దుమణిగాక ఏటా ఉగాదికి బెంగళూరులోని మా ఇంటికి వచ్చి, దసరా పండుగ కాగానే తిరిగి వెళ్తోంది. ఐదేళ్ళు నిండాయి కాబట్టి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టేద్దామని, అది వస్తే ఎన్నాళ్ళు ఇండియాలో ఉన్నా అడిగేవారుండరని అన్నయ్య అంటున్నాడు. అమ్మకు హిందూపురం దగ్గర నాలుగెకరాల వేరుశనగ చేను ఉంది. నాన్న పోయాక పాసుపుస్తకం ఆమె పేరు మీదికి మారింది. ఓటు కూడా ఆ ఊళ్ళోనే ఉంది. ఆమె తెలుగు మీడియంలో చదివి, తెలుగు టీచరుగానే పదవీ విరమణ చేసింది. పరీక్ష తెలుగులో రాయవచ్చా, పౌరసత్వం మారితే చేను ఏమవుతుంది అన్నవి నా సందేహాలు.

మొదటి జవాబు (జయనగర్)

పరీక్ష కంటే ముందు మీరు పంచాంగం చూడాలి. ఐదేళ్ళు నిండడం అంటే గ్రీన్‌కార్డు చేతికొచ్చి ఐదేళ్ళు కావడం ఒక్కటే కాదు. దరఖాస్తు పెట్టే నాటికి వెనుకటి ఐదేళ్ళలో కనీసం 30 నెలలు, అంటే 913 రోజులు, ఆమె అమెరికా గడ్డ మీద ఉండి తీరాలి. 2025లో ఉగాది మార్చి 30న, దసరా అక్టోబరు 2న వచ్చాయి. మధ్యన 186 రోజులు పోగా ఆ ఏడాదికి మిగిలేవి 179. ప్రతి ఏడూ అలాగే గడిచిందనుకున్నా ఐదేళ్ళకు 895 అవుతాయి. ప్రయాణపు రోజులను కలుపుకున్నా 913 కావు. అధిక శ్రావణం వచ్చిన 2023లో ఈ రెండు పండుగల మధ్య ఏడు నెలలు దాటింది కాబట్టి అసలు లెక్క ఇంకా తక్కువే ఉంటుంది.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఒకే విడతలో ఆరు నెలలకు మించి బయట ఉంటే నివాసం తెగిపోయినట్టు అధికారులు భావిస్తారు. తెగలేదని రుజువు చేసుకోవలసిన భారం మన మీద పడుతుంది. ఏడాది నిండితే ఆ వాదనకు కూడా చోటుండదు. పౌరసత్వం మాట అటుంచి, ఆరు నెలలు దాటిన ప్రతిసారీ విమానాశ్రయంలో గ్రీన్‌కార్డు మీదనే ప్రశ్నలు రావచ్చు. మీ అన్నయ్యగారు పౌరసత్వం కోరుతున్నది అమ్మగారు ఇక్కడ నిశ్చింతగా ఉండడానికి. చట్టమేమో ముందు అక్కడ ఉండి చూపించమంటోంది.

రెండవ జవాబు (నుంగంబాక్కం, చెన్నై)

నేను అమెరికా పౌరుడినై, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుతో చెన్నైకి తిరిగి వచ్చినవాణ్ణి. చేను గురించి భయపడనక్కరలేదు. భర్త నుంచి వారసత్వంగా వచ్చిన వ్యవసాయ భూమిని విదేశీ పౌరురాలైనా ఉంచుకోవచ్చు. అమ్మదలిస్తే మాత్రం ఇండియాలో నివసించే భారత పౌరులకే అమ్మాలి. కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. ఈ చివరి ముక్క తెలియక నేను చిత్తూరు వైపు అర ఎకరం మామిడితోటకు అడ్వాన్సు ఇచ్చి, అది వెనక్కు రాబట్టుకోవడానికి ఏడాది పాటు తిరిగాను. ఓసీఐ అనే పేరులో పౌరసత్వం అన్న మాట ఉన్నా అది పౌరసత్వం కాదు, జీవితకాలపు వీసా మాత్రమే.

ఓటు పోతుంది. 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం మరో దేశపు పౌరసత్వాన్ని కోరి తీసుకున్న క్షణంలోనే మన పౌరసత్వం రద్దవుతుంది. మీరు కాగితం రాసి ఇచ్చేదాకా అది ఆగదు. ఆ తరువాత పాత పాస్‌పోర్టును అప్పగించవలసిందే, దానితో ప్రయాణం చేయకూడదు. గ్రీన్‌కార్డుతో ఉన్నంత కాలం ఆమె భారత పౌరురాలే కాబట్టి, అక్కడ ఉండగా కూడా ఫారం 6ఏ ద్వారా ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు, అందుకే రాస్తున్నాను. ఇక్కడి బ్యాంకు డిపాజిట్లన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఏటా అమెరికాకు తెలియజేయాలన్న నియమం పౌరసత్వంతో మొదలు కాదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి కూడా అది వర్తిస్తుంది. అమ్మగారి పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉంటే ఈ విషయం అన్నయ్యగారిని అడగండి.

మూడవ జవాబు (మల్లేశ్వరం)

పరీక్ష సంగతి ఎవరూ చెప్పలేదు. సొంత భాషలో జవాబులు చెప్పే వెసులుబాటు 50 ఏళ్ళు దాటి 20 ఏళ్ళుగా, లేదా 55 దాటి 15 ఏళ్ళుగా గ్రీన్‌కార్డుతో అక్కడ నివసిస్తున్నవారికే ఉంది. 2019లో కార్డు వచ్చిన అమ్మగారికి అది వర్తించదు. ఇంగ్లీషులో ఒక వాక్యం చదవాలి, ఒకటి రాయాలి. మూడేసి అవకాశాలు ఇస్తారు. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టినవారికి చరిత్ర, పరిపాలనల మీద 128 ప్రశ్నల జాబితా ఉంది. అందులోంచి 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. మా అత్తగారు జవాబులను తెలుగు లిపిలో నోటుబుక్కులో రాసుకొని బట్టీ పట్టారు. నోటితో చెప్పడంలో తడబడలేదు గానీ, వాక్యం రాయమన్నప్పుడు వారి చెయ్యి వణికిందట.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అమ్మ పాస్‌పోర్టులోని ముద్రలను వరుసగా పేర్చి లెక్కించాను; 913కు 71 రోజులు తక్కువ వచ్చాయి. అన్నయ్యకు చెబితే, వచ్చే ఏడాది వినాయక చవితికి ముందే వెనక్కు పంపించమన్నాడు. అమ్మ మాత్రం అప్పటికి చేలో కాయ ఇంకా ఊరి ఉండదని, తాను లేకుండా కాయ పీకిస్తే కౌలుదారు చెప్పిందే లెక్క అవుతుందని అంటోంది. దరఖాస్తును ప్రస్తుతానికి పక్కన పెట్టాము.