పాత కటింగ్ షాపు పక్క గోడ మీద బొమ్మ: గోడ ఎలా సిద్ధం చేయాలి, ఏం గీయాలి?

వీధి_మూల:
వరంగల్‌లో మా వీధి మూలనున్న పాత కటింగ్ షాపు పనితనాన్నే దాని పక్క గోడ మీద పెద్ద బొమ్మగా వేయాలనుకున్నాం. గోడ 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, పడమటి ముఖం. సిమెంటు పూత మీద ఏళ్లనాటి సున్నం పొరలు. కింద అడుగున్నర మేర ఉప్పు లేచి రాలుతోంది. ఇంటి యజమాని ఒప్పుకున్నారు. సున్నం మీదే రంగు వేయొచ్చా? బోర్డులు రాసే ఆయిల్ పెయింట్ ఎక్కువ కాలం ఉంటుందా? ఎంత రంగు కొనాలి? బొమ్మలో ఏమేం ఉండాలి?

గోడపని:
ఆయిల్ పెయింట్ వద్దండి. సిమెంటులోని క్షారం అందులోని నూనెను సబ్బులా మార్చేస్తుంది, రంగు జిగటై ఊడిపోతుంది. పైగా గోడలోని తేమ బయటికి రాలేక పొక్కులు లేస్తాయి. ఎక్స్‌టీరియర్ యాక్రిలిక్ ఎమల్షన్ (బయటి గోడలకి వేసే, నీళ్లతో కలిపే రంగు) వాడండి.

సున్నం మీద వేసినా నిలవదు. రంగు సున్నాన్ని పట్టుకుంటుంది, సున్నం గోడను వదిలేస్తుంది. అరచేత్తో రుద్దితే తెల్లపొడి అంటనంతవరకు గీకాల్సిందే.

అసలు పని కింది ఉప్పు దగ్గరుంది. ముందు తేమ ఎక్కడినుంచి వస్తోందో చూడండి: పైపు లీకా, గోడ మొదట్లో నిలిచే నీళ్లా? అది ఆపకుండా పైన డ్యాంప్‌ప్రూఫ్ కోటింగ్ పూస్తే తేమ ఇంకో రెండడుగులు పైకెక్కి బొమ్మ మధ్యలో తేలుతుంది. ఉప్పును పొడి వైరు బ్రష్‌తోనే దులపండి, తడిపితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. గుల్లబారిన పూతను ఉప్పు గీతకు అడుగు పైదాకా కొట్టేసి కొత్తగా పూయండి. ఏడు రోజులు నీళ్లు పట్టి, మొత్తం 28 రోజులు ఆగాకే ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత). తొందరపడి చాలామంది పాడుచేసుకునేది ఇక్కడే. ఆరిందో లేదో తెలియాలంటే అడుగు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. లోపల చెమ్మ పడితే ఇంకా ఆరలేదు.

200 చదరపు అడుగులకి ఎక్స్‌టీరియర్ ప్రైమర్ రెండున్నర లీటర్లు, నేపథ్యం రంగు రెండు కోట్లకి 4 లీటర్లు. బొమ్మకి తెలుపు 4 లీటర్లు (అన్నిట్లో కలిసేది అదే, ముందు అయిపోయేదీ అదే), నలుపు, ఎర్ర ఆక్సైడ్, పసుపు ఆక్సైడ్, నీలం తలా లీటరు. మొదటి కోటుకి లీటరుకి 400 మి.లీ. నీళ్లు కలపొచ్చు, గీతలకి 100 చాలు. స్టైనర్ (ఛాయ కోసం కలిపే గాఢమైన రంగు) లీటరుకి 30–40 మి.లీ. దాటితే రంగు సరిగా గట్టిపడదు, వానకి కారుతుంది.

కుంచె:
పడమటెండకి నిగనిగలాడే ఎరుపు, గులాబీ రంగులే ముందు వెలిసిపోతాయి. ఆక్సైడ్ ఎరుపు నిలుస్తుంది. కింద రెండడుగులు వానచిమ్ముకీ బండి హ్యాండిళ్లకీ వదిలేయాల్సిందే. అక్కడ మన ఇళ్ల అరుగులకి పూసే జాజు రంగు పట్టీ వేయండి, మరక కనబడదు, తిరిగి పూయడం సులువు.

గీయడానికి ఏ4 కాగితం మీద అర అంగుళం గడులు, గోడ మీద అడుగు గడులు. సుద్ద దారంతో కొట్టండి. నీలి పొడి వద్దు, తెల్లరంగులో కలిసి మురికి చేస్తుంది.

పొది_అడపం:
బొమ్మలో ఏముండాలన్నది నేను చెబుతాను. విదేశీ కటింగ్ షాపుల ముందుండే ఎరుపు తెలుపు చారల తిరుగుడు స్తంభం మాత్రం వద్దు, అది మన వీధిది కాదు. పిల్లల్ని కూర్చోబెట్టడానికి కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసే పలక, పటిక, సబ్బు గిన్నె, సానరాయి, కత్తి పదును సరిచేసే తోలుపట్టీ, జుట్టు కత్తిరించే చేతి మిషను: ఇవీ మనవి. తోలుపట్టీ మీద కత్తి వీపు ముందుకి, పదును వెనక్కి పోవాలి. తిరగేసి గీస్తే పట్టీ కోసినట్టే. గడ్డం గీసేటప్పుడు కత్తి చర్మానికి దాదాపు 30 డిగ్రీల వాలులో ఉంటుంది, రెండో చెయ్యి చర్మాన్ని లాగి పట్టుకుంటుంది. ఆ లాగే వేళ్లు లేకపోతే పని తెలిసినవాళ్లకి బొమ్మ అబద్ధంలా కనిపిస్తుంది.

అద్దం దగ్గర జాగ్రత్త. వెనక గోడ క్యాలెండర్ అక్షరాలు అద్దంలో తిరగబడతాయి. కానీ ముందు గాజు మీద బయటివాళ్ల కోసం రాసిన షాపు పేరు అద్దంలో సరిగ్గానే చదవొస్తుంది.

ఒక మూలన సన్నాయి, డోలు పెట్టండి. పెళ్లిళ్లలో, గుళ్లలో మంగళవాద్యం నాయీబ్రాహ్మణులదే కదా. గోడ మీద ఏ మాట రాయాలో షాపాయన్ని అడిగాకే రాయండి. కులం పేరును తిట్టుగా వాడడం ఎంత బాధపెడుతుందో వాళ్లకి తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో అలాంటి పిలుపులు వాడకూడదని ప్రభుత్వం జీవో కూడా ఇచ్చింది. ఆయన ముఖం గీసేట్టయితే ముందు స్కెచ్ చూపించండి.

వీధి_మూల:
చాలా ఉపయోగపడింది. చివర్లో బొమ్మ పైన క్లియర్ కోటు (రంగులేని రక్షణ పూత) వేయాలా?

గోడపని:
కింది భాగంలో చెమ్మ పూర్తిగా పోతేనే, అదీ నీళ్లతో కలిపే యాక్రిలిక్ మ్యాట్ రకం. మెరిసే రకం పడమటెండలో తళతళలాడి సాయంత్రం బొమ్మే కనబడనివ్వదు. చెమ్మ మీద అనుమానముంటే మానేసి, మిగిలిన రంగుల్ని డబ్బాల్లో పేర్లు రాసి దాచండి, చెరిగిన చోట దిద్దుకోవచ్చు. వానలు వెళ్లాక నవంబరులో మొదలుపెట్టండి, పొద్దున పనిచేసి మధ్యాహ్నం ఎండ గోడకి తగలకముందే ఆపండి.