అప్‌డేట్: పెడల్ స్టీల్ గిటార్‌కు తగిన ఆసనం

పెడల్ స్టీల్ గిటార్ (కాళ్ల మీద అడ్డంగా నిలబెట్టి, ముందు కూర్చుని వాయించే గిటార్) వాయించడానికి సౌకర్యంగా ఉంటూ, కచేరీలకు వెంట తీసుకెళ్లడానికీ వీలైన ఆసనం ఏదని ఇంతకుముందు అడిగాను. డ్రమ్మర్ల స్టూలు, సామాను పెట్టుకునే పెట్టె ఆసనం అని రెండు సూచనలు వచ్చాయి. నేను పెట్టె ఆసనాన్నే ఎంచుకున్నాను.

డ్రమ్మర్ల స్టూలు ఎత్తును సవరించుకోవచ్చు, అది నిజంగా గొప్ప సౌలభ్యమే. అయితే ఎడమ పాదం తీగల స్వరం మార్చే పెడళ్ల మీద, కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద ఉండగానే మోకాళ్లు వాద్యం కింద ఉండే లీవర్లను పక్కలకు నెట్టవలసి ఉంటుంది కనుక, శరీరాన్ని నిలిపి ఉంచేది ఆసనం ఒక్కటే. అది గుండ్రంగా తిరిగేదైతే ఆ నెట్టుడుకు నడుము కూడా కదిలిపోతుంది.

ఎత్తు మరీ ఎక్కువైతే తొడలు వాద్యం అడుగుభాగానికి తగులుతాయి, తక్కువైతే భుజాలు పైకి లేచి బార్ (తీగల మీద జార్చే లోహపు కడ్డీ) పట్టిన చేయి త్వరగా అలసిపోతుంది. మెత్తని ఫోమ్ బరువుకు అణగిపోతుంది కాబట్టి, ఎత్తును కూర్చున్న తరువాతే కొలవాలని నా అభిప్రాయం. నా పెట్టె ఆసనం ముందు అంచు గుండ్రంగా ఉండటం వల్ల తొడల కింద ఒత్తిడి లేదు. బార్, పిక్‌లు, తీగలు, కేబుళ్లు పెట్టెలోనే సర్దుకుంటున్నాను. సలహాలిచ్చిన వారందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.