ఎత్తు హ్యాండిల్ వేశాక కేబుళ్లు చాలడం లేదు, ఏం చేయాలి?

అన్నలూ, నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, 2018 బండి. మాది అనంతపురం. పోయిన నెల కర్నూలు నుంచి వస్తుంటే గుత్తి దగ్గర గొర్రెల మంద అడ్డమొచ్చి పడ్డాను. నాకేం కాలేదు గానీ హ్యాండిల్ ఎడమవైపు వంగిపోయింది. ఎటూ మార్చాలి కదా, నడుం నొప్పి కూడా తగ్గుతుందని మూడు అంగుళాలు ఎత్తున్నది కొన్నాను. ఇదీ 22 మిల్లీమీటర్ల రాడ్డే, క్లాంపుల్లో చక్కగా కూర్చుంది.

అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది. న్యూట్రల్‌లో ఉంచి హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పితే ఇంజిన్ రేసు దానంతటదే పెరుగుతోంది. కుడికి తిప్పితే క్లచ్ కేబుల్ తీగలా బిగుసుకుంటోంది. వీటికంటే ముందు బ్రేకు పైపు చూస్తేనే భయం, వంపన్నదే లేకుండా సాగిపోయి ఉంది.

ఇంకొకటి. కుడి స్విచ్ బాక్సు తిరగకుండా రాడ్డు రంధ్రంలో కూర్చునే చిన్న బుడిపె లోపల ఉంటుంది కదా, కొత్త రాడ్డుకు ఆ రంధ్రం లేదు. మెకానిక్ నన్ను అడగకుండా బుడిపెనే కోసేశాడు! ఇప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే బాక్సు మొత్తం తిరుగుతోంది.

ఎత్తు హ్యాండిల్ వేసుకున్నవాళ్లు ఎంత పొడవు కేబుళ్లు, బ్రేకు పైపు వేశారు? పాత పైపునే దారి మార్చి సర్దొచ్చా? కోసిన బాక్సు పనికొస్తుందా, కొత్తది కొనాల్సిందేనా? కడప, కర్నూలు వైపు ఈ సామాను దొరికినా చెప్పండి. అప్పటిదాకా బండి బయటికి తీయను, ఆఫీసుకు ఆటోనే.