దసరా సెలవుల్ల సూర్యలంకకు: ఆరుగురం, రెండు రాత్రులు, ఏమేం సర్దుకోవాలె?

దేవరకొండ_రోడ్

దసరా తెల్లారి నల్లగొండ నుంచి కారుల బాపట్ల దగ్గరి సూర్యలంక సముద్రం ఒడ్డుకు పోదామనుకుంటున్నం. అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, తొమ్మిదేండ్ల బాబు, నాలుగేండ్ల పాప. మామయ్యకు షుగరు, బీపీ ఉన్నయి, ఇన్సులిన్ తీసుకుంటరు. మేమెవ్వరం సముద్రంల దిగినోళ్లం కాదు. బాబుకు బావిల ఈత వచ్చు. బట్టలెన్ని పెట్టుకోవాలె, తినేటియి ఏం చేసుకపోవాలె, మందులేం పెట్టుకోవాలె? బాబు కోసం లారీ ట్యూబు తీస్కపోవచ్చా? తెలిసినోళ్లు వివరంగ చెప్పండ్రి.

మిర్యాలగూడెం_వాసి

ముందుగాల వాతావరణం చూసుకోండ్రి. అక్టోబరు నుంచి డిసెంబరు దాక బంగాళాఖాతంల తుఫాన్ల కాలం. రూము బుక్ చేసేటప్పుడే రద్దు చేసుకుంటే పైసలు వాపసు వస్తయా లేదా అడగండ్రి. బయలెల్లే ముందురోజు వాతావరణ శాఖ హెచ్చరికలతో పాటు, హైదరాబాద్ల ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ఇచ్చే అలల సూచన కూడ చూడాలె. వాన లేకున్నా దూరంల లేసిన పెద్ద అలలు ఒడ్డుకు వస్తుంటయి.

దారి: మిర్యాలగూడెం, వాడపల్లి, దాచేపల్లి, పిడుగురాళ్ల మీదికెళ్లి నరసరావుపేట దాక నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డే. ఆడికెళ్లి చిలకలూరిపేట, బాపట్ల. బాపట్ల నుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్ల చిల్లర. చాయ్‌లకు ఆగుకుంట పోతే ఐదు గంటలు పెట్టుకోండ్రి.

బట్టల లెక్క మనిషికి నాలుగు జతలు: నీళ్లల్లకు రెండు, పొడివి రెండు. మన దిక్కు ఎండకు తడి చొక్కా గంటల ఎండుతది గదా, ఆడ అట్ల ఎండది. గాలిల తేమ ఎక్కువ, పైగా ఉప్పునీళ్లు బట్టల తేమను పట్టి ఉంచుతయి. అందుకే సాయంత్రం మంచినీళ్లల్ల జాడించి ఆరేయాలె. పది మీటర్ల నైలాను తాడు, డజనున్నర క్లిప్పులు తప్పక పెట్టుకోండ్రి. నీళ్లల్లకు నూలు బట్టలు వద్దు, నీళ్లు తాగి బరువైతయి. నైలాను, పాలిస్టర్ టీషర్టులు, నిక్కర్లు మంచివి. అత్తమ్మ చీరతోని మడమలు మునిగేదానికన్నా లోపలికి పోవద్దు. అల వెనక్కి గుంజినప్పుడు కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటయి. పంజాబీ డ్రెస్సు వేసుకుంటే నయం, చున్నీ మాత్రం రూముల పెట్టాలె.

ఉల్లిగడ్డల జాలి సంచులు రెండు ఖాళీ చేసి తీస్కపోండ్రి. చెప్పులు, పిల్లల బొమ్మలు అండ్ల వేసి నీళ్లల్ల ముంచి దులిపితే ఇసుక అంత కిందికి పోతది. తడి బట్టలకు మందం కవర్లు వేరే ఉండాలె. కాళ్లకు అంటుకున్న ఇసుకను బట్టతోని రుద్దితే పిల్లల చర్మం గీసుకపోతది. కాళ్లు ఆరినంక పౌడరు చల్లి చేత్తోని దులిపితే రాలిపోతది.

కారు తాళంల ఎలక్ట్రానిక్ చిప్పు ఉంటది, జేబుల పెట్టుకొని నీళ్లల్లకు దిగొద్దు. దిగని మనిషి ఒకరి దగ్గర ఉంచాలె. ఫోను కవరు కొంటే ముందుగాల ఇంట్ల కాగితం ముక్క లోపల పెట్టి బకెట్ల అరగంట ముంచి చూడండ్రి. కాగితం తడిస్తే ఆ కవరు పనికి రాదు. ఉంగరాలు, పట్టీలు ఇంట్లనే ఉంచండ్రి. తడిసి వేళ్లు చల్లబడితే ఉంగరం సులువుగ జారుతది. పుస్తెలతాడు తియ్యనోళ్లు జాకెట్ లోపలికి వేసుకొని పిన్నీసు పెట్టుకోవాలె.

కృష్ణ_ఒడ్డు

ట్యూబు అస్సలు వద్దు. బావిల ట్యూబు ఎటు పోయినా గోడకే తగులుతది, సముద్రంల ఆపేటిది ఏదీ ఉండదు. తెల్లారుగట్ల గాలి నేల మీదికెళ్లి సముద్రం దిక్కు కొడుతది. ట్యూబుల కూసున్న పిల్లగాడు ఎవ్వరూ చూడకముందే లోతుకు పోతడు. చేతులకు తొడిగే గాలి పట్టీల సంగతీ అంతే. అలకు జారిపోతయి. ఒంటికి కట్టే లైఫ్ జాకెట్ పిల్లల బరువుకు సరిపోయేది అయితేనే వేయండ్రి, కాళ్ల నడుమ పట్టీ ఉన్నదో లేదో చూడండ్రి. పట్టీ లేకుంటే జాకెట్ మీదికి లేస్తది, పిల్లలు కిందికి జారుతరు. జాకెట్ వేసినా చెయ్యి అందేంత దూరంలనే ఉండాలె.

బాబుకు బావిల ఈత వస్తదన్న ధైర్యంతోనే ఎక్కువ భయపడాలె. బావి నీళ్లు కదలవు, అలిసిపోతే మెట్టు పట్టుకోవచ్చు. సముద్రంల ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ మళ్ల వెనక్కి పోవాలె గదా, అవి ఇసుక దిబ్బల నడుమ సందు చూసుకొని ఒక పాయ లెక్క లోపలికి ఉరుకుతయి. దీన్నే రిప్ కరెంట్ అంటరు. రెండు దిక్కుల తెల్లగ అలలు విరుగుతుంటయి, నడుమ ఒక్కకాడ మాత్రం అలలు విరగకుండ నీళ్లు నిమ్మళంగ కనపడుతయి. నురుగు, మట్టిరంగు లోపలి దిక్కు పోతుంటది. కొత్తోళ్లు అది ప్రశాంతంగ ఉన్నదని ఆడనే దిగుతరు. దిగే ముందు పది నిమిషాలు ఒడ్డు మీద నిలబడి అలలు చూడండ్రి.

చిక్కితే ఒడ్డు దిక్కు ఎదురీదొద్దు. ఎంత ఈతగాడైనా అలిసిపోతడు. నీళ్లు కిందికి గుంజవు, దూరంకే తీస్కపోతయి. ఎల్లకిల తేలి చెయ్యి లేపి పిలవాలె. ఓపిక ఉంటే ఒడ్డుకు సమానంగ పక్కకు ఈది, గుంజుడు తగ్గినంక అలలతో పాటు బయటికి రావాలె. ఒడ్డు మీదున్నోళ్లు ఎనక దుంకొద్దు. ఖాళీ నీళ్ల క్యాను మూత గట్టిగ బిగించి విసరండ్రి, పట్టుకొని తేలొచ్చు. అందుకే ఒడ్డు మీద ఒక ఖాళీ క్యాను దగ్గర పెట్టుకోండ్రి. గజ ఈతగాళ్లను పిలవండ్రి, 112 కొట్టండ్రి.

పాపను ఆమె మోకాలి లోతు దాటనియ్యొద్దు, బాబును వాని నడుము లోతు దాటనియ్యొద్దు. అలకు వీపు తిప్పొద్దు, పక్కకు తిరిగి కాళ్లు ఎడం పెట్టి నిలబడాలె. ఒక్కకాడనే నిలబడితే పాదాల కింద ఇసుక జారి గుంత పడుతది, అడుగులు మారుస్తుండాలె. పిల్లలకు నారింజ, చిలకపచ్చ రంగు బట్టలు వేయండ్రి. నీలం, తెలుపు నీళ్లల్ల కనపడవు. ఇంకోటి, మీరు పోయేది ఏకాదశి నాడు. పున్నమి దగ్గరపడే కొద్ది పోటు పెరుగుతది. మొదటి రోజు సామాన్లు పెట్టిన చోటు రెండోరోజు తడవొచ్చు, ఇంకింత వెనక్కి పెట్టుకోండ్రి.

మందుల_షాపు

మామయ్య గారి సంగతి ముందు చెప్తాను. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు. ఎండలో ఇసుక కాలినా, గవ్వ గుచ్చుకున్నా తెలియదు. ఆయన వట్టి కాళ్లతో నడవకూడదు. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవాలి, రాత్రి పాదాలు, వేళ్ల సందులు టార్చి వేసి చూడాలి. ఇన్సులిన్‌ను నిలిపిన కారులో వదలొద్దు, ఎండకు లోపల విపరీతంగా వేడెక్కుతుంది. ఐసు పెట్టెలో పెడితే ఐసుకు నేరుగా తగలకుండా టవల్ చుట్టాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా వాడకూడదు. బీపీకి మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు వాడుతుంటే, చెమట ఎక్కువ పట్టే చోటికి వెళ్తున్నామని డాక్టరుతో ముందే చెప్పండి.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 కానీ 50 కానీ తీసుకోండి. పెద్దవాళ్లకు ఒళ్లంతా రాయాలంటే ఒకసారికి దాదాపు 30 మిల్లీలీటర్లు కావాలి. చాలామంది చిటికెడంత రాసి పనిచేయలేదంటారు. నిండు చేతుల చొక్కాలు వేసుకుంటే ముఖం, మెడ, చేతులు, పాదాలకే సరిపోతుంది, మీ అందరికీ 100 మిల్లీలీటర్ల ట్యూబులు రెండు చాలు. దిగడానికి ఇరవై నిమిషాల ముందు, తర్వాత రెండు గంటలకోసారి, తుడుచుకున్న ప్రతిసారీ రాయాలి. అన్నిటికన్నా మేలు పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు దాటాక దిగడం.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్లు ఆరు పెట్టండి. ఒక ప్యాకెట్టు సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి, చిన్న గ్లాసులో కలిపితే పిల్లలకు హాని. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. జెల్లీచేప తగిలితే మంచినీళ్లు పోయొద్దు, రుద్దొద్దు. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న పోగులను చిమటాతో తీయాలి. ఆ తర్వాత ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఇరవై నిమిషాలకు తగ్గకుండా ముంచితే నొప్పి తగ్గుతుంది. ఆయాసం, వాంతులు కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

దేవరకొండ_రోడ్

ట్యూబు మానుకున్నం. తిండి సంగతి ఎవ్వరూ చెప్పలే. పులిహోర, పెరుగన్నం కట్టుకపోదామా? సకినాలు రెండు కిలోలు చేసినం.

పాలమూరు_వంటిల్లు

పెరుగన్నం వద్దు, ఉక్కకు మధ్యాహ్నానికే పులుస్తది. పులిహోర తొవ్వల తినేతందుకు మంచిది. కానీ అన్నం వెడల్పు తాంబాళంల పూర్తిగ చల్లారినంకనే పులుసు కలిపి డబ్బల పెట్టాలె. వేడిది మూత పెడితే ఆవిరి నీళ్లై మళ్ల అన్నంలనే పడుతది, అందుకే పాసిపోతది. పొద్దున చేసింది మధ్యాహ్నం లోపల ఒడగొట్టాలె, రాత్రికి ఉంచొద్దు.

రెండు రోజులు నిలిచేది గలగలలాడేటట్టు కాల్చిన జొన్నరొట్టె. మనిషికి నాలుగు లెక్కన చేసి, పల్లీల పొడి పావుకిలో పెట్టుకుంటే రూముల వంట అక్కరలేదు. సకినాలు ఒక్క డబ్బల పొయ్యొద్దు. మూత తీసిన ప్రతిసారి తేమ లోపలికి పోయి రెండోనాటికి మెత్తబడతయి. పూటకు ఎన్ని తింటరో అన్ని చిన్న కవర్లల్ల కట్టి, అన్ని కవర్లు స్టీలు డబ్బల పెట్టండ్రి. మెత్తబడ్డా పారేయొద్దు, ఇంటికొచ్చినంక పెనం మీద సన్న సెగకు వేడి చేస్తే మళ్ల కరకరలాడుతయి.

నీళ్లు మనిషికి రోజుకు మూడు, నాలుగు లీటర్ల లెక్కన పెట్టుకోండ్రి. 20 లీటర్ల క్యాను ఒకటి నల్లగొండల నింపుకోండ్రి, అది ఒక్క రోజుకే వస్తది. రెండోది బాపట్లల తీసుకోండ్రి. ఆ ఖాళీ క్యానే కృష్ణ_ఒడ్డు చెప్పిన పనికి వస్తది.

మిర్యాలగూడెం_వాసి

కారు సంగతి ఒకటి మరిచిన. ఇసుక మీదికి ఎక్కియ్యొద్దు, టైరు దిగబడితే ట్రాక్టరు పిలవాల్సొస్తది. వాపసు వచ్చిన తెల్లారే సర్వీసింగ్ పాయింట్ల కింది భాగం, చక్రాల లోపలి దిక్కు ప్రెషర్ నీళ్లతోని కడిగించండ్రి. ఉప్పు తేమ ఇనుముకు పట్టి ఉంటే తుప్పు తొందరగ లేస్తది. కాళ్ల కింది మ్యాట్లు తీసి, పూర్తిగ ఎండినంకనే మళ్ల వేయండ్రి.