సమస్య: అక్క మగని వలచి యలరె చెల్లి

నల్లకుంట అక్కయ్య
ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను:

*అక్క మగని వలచి యలరె చెల్లి*

అక్క మొగుణ్ణి వలచి చెల్లి మురిసిందట! వినడానికి ఎబ్బెట్టుగా ఉంది కదా, పై మూడు పాదాలూ మీరు రాసి ఆ దోషం పోయేలా పూరించండి.

ఓ ఇంగ్లీషు ప్రేమ నవలల వరస చదువుతుంటే తట్టిందిది. 1840ల నాటి ఇంగ్లండు, నలుగురు అక్కచెల్లెళ్లు. 1813లో జేన్ ఆస్టిన్ ఐదుగురు బెన్నెట్ అక్కచెల్లెళ్లను ఒక్క నవలలో సర్దేసింది. ఇక్కడ మనిషికో పుస్తకం. కథానాయకుల పేర్లు నాకప్పుడే కలగాపులగం అయిపోయాయి. గుర్తున్నదల్లా దీపం ఆర్పాక ఒకే మంచం మీద ఆ పిల్లలు చెప్పుకున్న కబుర్లు. మూడో భాగంలో పెద్దక్క కాసేపే కనిపిస్తుంది, చెల్లెలి జడ విప్పి మళ్లీ అల్లుతూ. నాలుగు పుస్తకాల్లో నాకు అంతకన్నా ఇష్టమైన పేజీ లేదు.

రెండో భాగం ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. అట్ట చిరిగింది. లోపలి పేజీలో నీలం బాల్‌పెన్నుతో "చిన్నికి, అక్క ఇచ్చింది. ఏడవకుండా చదువు" అని తెలుగులో రాసి ఉంది.

మల్కాజిగిరి తమ్ముడు
అక్కయ్యా, నా ప్రయత్నం:

అక్క చనిన పిదప నాయింటి పసివాని
తల్లి వోలె పెంచ తానె వచ్చె;
పెద్ద వారు కూడ సమ్మతి దెలుపగ
అక్క మగని వలచి యలరె చెల్లి

నల్లకుంట అక్కయ్య
మొదటి రెండు పాదాలు హాయిగా నడిచాయి తమ్ముడూ. మూడో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావలసిన జత అక్షరం, తప్పింది. ‘పె’కు ‘స’ కుదరదు. "పెద్ద వారు కూడ పెండ్లికి నొప్పగ" అనండి, గణాలూ యతీ రెండూ నిలబడతాయి.

విషయానికొస్తే, మనిళ్లలో ఇది జరిగే మాటే. పసివాడి కోసం మరదలినిచ్చి చేసిన పెళ్లిళ్లు మా పెద్దవాళ్లలోనే ఉన్నాయి. ఆ నవలల దేశంలో మాత్రం కుదరదు. 1835లో వచ్చిన చట్టం చనిపోయిన భార్య చెల్లెలితో పెళ్లి చెల్లదంది, 1907లో గానీ ఆ అడ్డు తొలగలేదు. పైగా ఇలాంటి తేలికపాటి నవలలో అక్కను చంపడానికి నాకు మనసొప్పదు.

తార్నాక చెల్లాయి
నేనూ ఆ మొదటి భాగం చదివాను అక్కయ్యా. నాన్న అప్పుల కోసం ఇష్టం లేని పెళ్లి చేసుకుంటుందే, ఆవిడ మీదే రాశాను:

అప్పు తీర్ప మనువు నాడెను తొలినాడు,
పుస్తకమ్ము ముగియు పొద్దు కల్ల –
రెండు మూడు నాళ్లు రేయెల్ల చదివితి –
అక్క మగని వలచి యలరె, చెల్లి!

నల్లకుంట అక్కయ్య
ఎంత బాగా విరిచావమ్మా! చెల్లిని సంబోధన చేసేసరికి మగడు అక్క సొంత మగడే అయ్యాడు, ఎబ్బెట్టంతా పోయింది. ఒక అక్క రెండు మూడు రాత్రులు చదివి పొద్దున్నే తన చెల్లికి కథ చెబుతున్నట్టుంది. ఆ నవలల ప్రాణమే అది. పెళ్లిచూపులైనా ముద్దైనా, అక్కో చెల్లో విన్నాకే అక్కడ జరిగినట్టు లెక్క.

"పొద్దు కల్ల" దగ్గర ‘కల్లా’లోని దీర్ఘం పోయి కాస్త గుచ్చుకుంది, "పొద్దులోన" అంటే సరి. మూడో పాదం చివర విరామం ఉంది కాబట్టి అచ్చు మీద అచ్చు (‘చదివితి’ చివరి ఇ, వెంటనే ‘అక్క’లో అ) వచ్చినా నా చెవికి అడ్డు పడలేదు.

తార్నాక చెల్లాయి
మార్చుకున్నాను. ఇది మా అక్కకు ఫోన్‌లో చదివి వినిపించాను, రెండో భాగం ఇప్పుడే కావాలంటోంది.

మల్కాజిగిరి తమ్ముడు
అక్కయ్యా, ‘చెల్లి’ అంటే ‘తీరిపోయి’ అని కూడా కదా! నాన్న అప్పులు చెల్లి అక్క అలరిందని తిప్పొచ్చా?

నల్లకుంట అక్కయ్య
భేషుగ్గా తిప్పొచ్చు. అప్పులు మొదటి పాదంలో, చెల్లి చివర. మధ్యలో అన్వయం తెగకుండా చూసుకోండి. గురువారం రాత్రి దాకా ఎదురుచూస్తాను.